చివరి పదకొండు నిమిషాలు

ముప్పై ఒక్కేళ్ళు టికెట్లు చింపిన చేతులివి.
థండర్ బే అప్పటికింకా పోర్ట్ ఆర్థరే.
మంచు దులుపుకుంటూ వచ్చిన ప్రతి కోటుకీ
సగం ముక్క తిరిగిచ్చి, సగం డబ్బాలో వేసి
"లోపలికి పొండి, చలి" అనేవాణ్ణి.
ఒకసారి చింపాక
సినిమా మధ్యలో మొహాన టార్చి కొట్టి
ఏదీ నీ టికెట్టు, అని ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు.

మొన్న జనవరిలో పన్నెండు డాలర్లు కట్టి
పాత సినిమా ఒకటి కొన్నాను.
కొన్నాననే అనుకున్నాను.
రసీదు వచ్చింది, ధన్యవాదాలు వచ్చాయి.
తొమ్మిది గంటలు ఆ నీలం గీత
జ్వరమొచ్చిన నత్తలా పాకింది.
"కింద మంట పెట్టడం మరిచావేమో" అంది ఐలీ.
శుక్రవారం రాత్రి ఎనిమిదీ పదికి
మాట సరిగా వినిపిస్తుందో లేదోనని
ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్కటే, ఆడించి ఆపాను.

శనివారం సౌనాలోంచి ఎర్రబడ్డ మొహాలతో
వైక్కో, టైమీ, లిండ్‌హోల్మ్, వాడి చెల్లెలు వచ్చి కూర్చున్నారు.
గోడంత కొత్త టీవీ. తీగ గుచ్చాను.
శబ్దం వచ్చింది, బొమ్మ రాలేదు.
ఈ తెరకు అనుమతి లేదు.
తీగ మార్చాను. ఆ తీగకీ లేదు.
పాత ప్లేయర్‌కి ఈ ఫైలు భాషే రాదు.
డిస్కు మీదికి ఎక్కిద్దామంటే
పోలీసులా గొంతు మార్చింది కంప్యూటరు.

ఫోను చేస్తే, ఎక్కడో తెల్లవారిన దేశం నుంచి ఓ అమ్మాయి
మెత్తగా అడిగింది: "ఆ టీవీ మీ సొంతమేనా సార్?"
"టీవీ నాదే తల్లీ. సినిమాయే ఎవరిదో" అన్నాను.
ఆమె నవ్వు ఆపుకోవడం వినిపించింది.
ఆ రోజు తాళం లేకుండా నా దాకా వచ్చింది
అదొక్కటే.

మెట్ల మీద మంచు తీస్తున్న ఎదురింటి కోల్బీ
జేబులోంచి డిస్కు తీశాడు.
పెన్నుతో రాసిన పేరు, అందులోనూ ఒక అక్షరం తప్పు.
"పైసా కట్టలేదు. దేంట్లోనైనా ఆడుద్ది."
వద్దన్నాను. గొప్పకి కాదు.
డబ్బాలో పడ్డ అన్నేళ్ళ సగం ముక్కలూ
ఒక్కసారి కళ్ళ ముందు గుట్టగా కనిపించాయి.
అయినా ఇదేం కాపలా!
దొంగ ముందు గుమ్మంలోంచి దర్జాగా పోతుంటే
కుక్క ఇంటాయన పిక్క పట్టుకుంది.

వంటింటి బల్ల మీద చేపల గిన్నె పక్కకి జరిపి
పదమూడంగుళాల ల్యాప్‌టాప్ ముందు
ఆరు తలలు దగ్గరగా చేర్చాం.
ఎవరి మోచెయ్యి ఎవరిదో తెలియకుండా, బాగానే సాగింది.
నావ ఒడ్డు వదిలింది.
ఆమె వెనక్కి తిరగబోయింది.
గోడ గడియారంలో ఎనిమిదీ పది.
మీ గడువు ముగిసింది.

ఫ్రిజ్ గురక తప్ప ఇంకేమీ లేదు.
నిన్నటి ఆ ఒక్క నిమిషం నుంచే
ఇరవై నాలుగు గంటలూ లెక్కట.

"నాకు తెలుసులే" అన్నాడు వైక్కో.
"అరవై రెండులో నువ్వే చింపావు నా టికెట్టు.
ఆమె తిరిగి చూడదు."
"చూస్తుంది, చెయ్యి కూడా ఊపుతుంది" అంది టైమీ.
అసలు నావలో ఉన్నది ఆమె కాదన్నాడు లిండ్‌హోల్మ్.
నా వంక తిరిగారు, తీర్పు చెప్పమని.

ఏం చెప్పను?
ముగింపుకి పదకొండు నిమిషాల ముందు
నేను లేచి బయటికి వెళ్ళాలి.
తలుపుల గడియలు తీయాలి, మెట్ల మీద ఉప్పు చల్లాలి,
వచ్చే జనం జారిపడకుండా.
ముప్పై ఒక్కేళ్ళలో ఏ కథ ఎలా తేలిందో
వాళ్ళ మొహాల్లోనే చూశాను.
అందుకే కొన్నాను దీన్ని.

ఐలీకి తెలుసు. ఏమీ అనలేదు, కప్పులు తీసింది.
నేను లేచి, గూట్లోంచి ఉప్పు డబ్బా అందుకుని
బయటికి నడిచాను.
కాస్త మంచు రాలుతోంది.
కమ్మీ మీద, కోల్బీ మరిచాడో వదిలాడో,
ఆ తప్పు అక్షరం డిస్కు.
లోపల టైమీ ఇంకా అరుస్తూనే ఉంది,
ఊపింది, నా కళ్ళతో చూశాను, ఊపింది.